ఊహా బేస్‌బాల్ లీగ్: మన ఊళ్ల జట్లకి పేర్లు, లోగోలు ఎలా ఉంటే బాగుంటాయి?

బెజవాడ_డీటీపీ
ఆదివారం, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. గవర్నర్‌పేటలో డీటీపీ పని చేస్తాను. పగలంతా శుభలేఖలు, ఫ్లెక్సీలు, బిల్లు పుస్తకాలు. రెండేళ్లుగా తెల్లవారుజామున లేచి అమెరికా బేస్‌బాల్ చూస్తున్నాను. వాళ్ల వేసవిలో న్యూయార్క్‌లో సాయంత్రం ఏడింటికి మొదలైన మ్యాచ్ మనకి తెల్లవారి నాలుగున్నరకి వస్తుంది. ఆట అర్థం కాకముందే నన్ను పట్టేసుకున్నవి టోపీలు. ఒక్కో టోపీ మీద ఒకటో రెండో అక్షరాలు, వాటితోనే ఊరు మొత్తం గుర్తొస్తుంది. న్యూయార్క్ జట్టు యాంకీస్ టోపీ మీద పెనవేసుకున్న ‘ఎన్’, ‘వై’ అక్షరాలు 1909 నుంచీ ఉన్నాయి. బేస్‌బాల్ అంటే తెలియనివాళ్లు కూడా బీసెంట్ రోడ్డులో ఆ టోపీ కొనుక్కుని పెట్టుకుంటున్నారు.

అందుకని ఒక పని మొదలుపెట్టాను. మన చుట్టుపక్కల ఊళ్లతో ఆరు జట్ల లీగ్, ఊహలోనే. బెజవాడ, గుంటూరు, తెనాలి, బందరు, మంగళగిరి, కొండపల్లి. గ్రౌండు లేదు, ఆటగాళ్లు లేరు. పేర్లూ లోగోలూ మాత్రం నిజం జట్టుకి చేసినంత శ్రద్ధగా చేయాలని నా కోరిక.

మొదట బెజవాడ టైగర్స్, గుంటూరు కింగ్స్ అని గీశాను. పులి బొమ్మ బాగానే వచ్చింది. కానీ ఆ పులిని తీసుకెళ్లి గుంటూరుకి పెట్టినా, బందరుకి పెట్టినా తేడా ఏమీ కనిపించలేదు. అక్కడే ఆగిపోయాను. మీరంతా ఒక చెయ్యి వేయండి.

డెట్రాయిట్_తెనాలి
ఆదివారం, ఉదయం 8:05

అన్నా, మంచి పని మొదలుపెట్టారు. నేను తెనాలివాణ్ణి, పదకొండేళ్లుగా డెట్రాయిట్‌లో ఉంటున్నా. ఇక్కడి జట్టు పేరు కూడా టైగర్సే, కానీ టోపీ మీద పులి ఉండదు. పాతకాలపు అచ్చు ధోరణిలో ఒక్క ‘డి’ అక్షరం, అంతే. ఊరి జనం చేతుల మీద పచ్చబొట్టు పొడిపించుకునేది కూడా ఆ అక్షరాన్నే.

పేర్ల సంగతికొస్తే, ఇక్కడ మంచి పేర్లన్నీ ఆ ఊరి పనిలోంచో, వీధిలోంచో పుట్టాయి. మిల్వాకీలో బీరు కాచేవాళ్లు ఎక్కువ, జట్టు పేరు బ్రూవర్స్. డాడ్జర్స్ ఒకప్పుడు బ్రూక్లిన్ జట్టు. ఆ వీధుల్లో ట్రాలీ బళ్లు, అంటే ట్రాములు ఎక్కువ, జనం వాటిని తప్పించుకుంటూ రోడ్డు దాటేవాళ్లు. తప్పించుకునేవాళ్లు అనే పేరు అలా వచ్చింది. 1958లో జట్టు లాస్ ఏంజెలెస్‌కి వెళ్లిపోయింది. ట్రాలీలు పోయాయి, పేరు మిగిలింది.

మైనర్ లీగ్, అంటే పెద్ద లీగ్ కింద స్థాయి జట్ల పేర్లు ఇంకా బాగుంటాయి. లాన్సింగ్ కార్ల తయారీ ఊరు, జట్టు పేరు లగ్‌నట్స్, అంటే చక్రానికి బిగించే నట్లు. పెన్సిల్వేనియాలో ఉక్కు పరిశ్రమ ఉన్న చోట ఐరన్‌పిగ్స్ అని పెట్టారు. కొలిమిలోంచి వచ్చిన ముడి ఇనుముని వాళ్లు పిగ్ ఐరన్ అంటారు, దాన్ని తిరగేశారు. బయటివాడికి పంది బొమ్మ కనిపిస్తుంది, ఊళ్లోవాడికి తాతగారి ఫ్యాక్టరీ కనిపిస్తుంది.

మిర్చియార్డు_334
ఆదివారం, ఉదయం 9:20

అలా అయితే గుంటూరుకి ఆలోచించే పనే లేదు, గుంటూరు మిర్చి అని పెట్టేయండి. ఎర్రరంగు, మిరపకాయ బొమ్మ, అయిపోయింది.

పొనికి_బొమ్మ
ఆదివారం, ఉదయం 10:02

అయిపోలేదండీ. మిరపకాయ బొమ్మ ఇప్పటికే పచ్చళ్ల సీసాల మీద, కారం ప్యాకెట్ల మీద, హోటల్ బోర్డుల మీద, బజ్జీల బండి మీద ఉంది. గుంటూరు అనగానే ఎవరికైనా మొదట తట్టేది అదే. మొదట తట్టింది పక్కన పెట్టి రెండోది, మూడోది వెతకాలని నాకు డిజైన్ నేర్పిన మేడమ్ చెప్పేవారు. మిర్చి యార్డులో రోజూ తిరిగే మనిషి నోట్లో ఉండే మాట ఏదో చెప్పండి. డెట్రాయిట్ తమ్ముడు చెప్పిన ఆ నట్టు, ఆ ముడి ఇనుము లాంటి మాట.

మిర్చియార్డు_334
ఆదివారం, మధ్యాహ్నం 12:15

మీరు అడిగాక కూర్చుని ఆలోచించా. యార్డులో మేం ‘మిర్చి’ అన్న మాటే తక్కువ వాడతాం. ‘కాయ’ అంటాం. కాయ ఎలా ఉంది, తేజానా, 334ఆ, తాలు ఎంత ఉంది, తేమ ఎంత ఉంది. బస్తాని టిక్కీ అంటాం. ఈ రోజు ఎన్ని టిక్కీలు వచ్చాయి, ఎన్ని దిగాయి, అదే మాట పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా. 334 అనేది గుంటూరు దగ్గర లాం వ్యవసాయ పరిశోధన ఫారంలో పుట్టిన రకం. నా పేరు చివర ఆ అంకె అందుకే పెట్టుకున్నా.

టిక్కీలు అన్నది పేరుగా బాగుంటుందా? గుంటూరు టిక్కీలు.

జంక్షన్_పదో_ప్లాట్‌ఫారం
ఆదివారం, మధ్యాహ్నం 12:40

టిక్కీ అంటే బయటివాళ్లు ఆలూ టిక్కీ అనుకుంటారు భయ్యా.

మూడో_బేస్
ఆదివారం, మధ్యాహ్నం 1:30

నేను స్కూల్ గేమ్స్‌లో సాఫ్ట్‌బాల్ ఆడాను, మూడో బేస్ నా స్థానం. ఇప్పుడు గుంటూరు దగ్గర ఒక స్కూల్లో పీఈటీని. పేరు పెట్టేటప్పుడు ఒక పరీక్ష ఉంది. గ్రౌండు అవతలి గట్టున నిలబడి, చప్పట్లు కొడుతూ పేరు అరిచి చూడాలి. మా పిల్లలు ఏ టీముకైనా అలాగే పేరు పెట్టుకుంటారు. ‘గుంటూరు టిక్కీలు’ అరిస్తే ‘టిక్కీ’ దగ్గర గొంతు తెగిపోతుంది. సాగే అచ్చు ఒకటి కావాలి, ఆ, ఈ, ఊ లాంటిది.

మిర్చియార్డు_334
ఆదివారం, సాయంత్రం 5:50

అయితే ఇది చూడండి. గుంటూరు హమాలీలు.

మా నాన్న ముప్పై ఏళ్లు యార్డులో హమాలీ. నలభై కిలోల పైన ఉండే టిక్కీని ఒక్క ఊపులో భుజం మీదకి ఎత్తేవారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్ ఊపులో ఉన్నప్పుడు ఇంటికి వస్తే చొక్కా గుమ్మం బయటే విప్పేవారు, లేకపోతే ఇంట్లో అందరికీ తుమ్ములే. ఆ చొక్కా ఉతికితే అమ్మ చేతులు రాత్రంతా మండేవి. లారీలు, కోల్డ్ స్టోరేజీలు, ఎగుమతులు అన్నీ ఆ భుజాల మీదుగానే వెళ్లాయి. మిల్వాకీలో బీరు కాచేవాళ్ల పేరు పెట్టుకున్నప్పుడు గుంటూరు జట్టుకి మోసేవాళ్ల పేరు ఎందుకు ఉండకూడదు?

మూడో_బేస్
ఆదివారం, సాయంత్రం 6:05

గుం-టూ-రు హ-మా-లీ. ఇప్పుడే డాబా మీద అరిచి చూశాను. ‘మా’ దగ్గర, ‘లీ’ దగ్గర ఎంతసేపైనా సాగుతుంది. నా ఓటు దీనికే.

బ్రాడీపేట_మాస్టారు
ఆదివారం, రాత్రి 8:30

పేరు నాకూ నచ్చింది బాబూ. ఒక్క మాట జాగ్రత్తగా ఆలోచించాలి. మనుషుల పేరుతో జట్టు పెట్టినప్పుడు బొమ్మ ఎలా గీస్తామన్నదే అసలు విషయం. క్లీవ్‌లాండ్ జట్టు పేరు వందేళ్లకు పైగా ఇండియన్స్. అంటే అమెరికా మూలవాసులు. టోపీ మీద ఎర్రటి ముఖంతో పళ్లు బయటపెట్టి నవ్వే బొమ్మ ఉండేది. ఆ జాతివాళ్లు ఎన్నో ఏళ్లు అభ్యంతరం చెప్పారు. 2018 సీజన్ తర్వాత ఆ బొమ్మని యూనిఫాం మీద నుంచి తీసేశారు, 2022 సీజన్ నుంచి జట్టు పేరే గార్డియన్స్ అయింది. ఆ కొత్త పేరు ఎక్కడిదో తెలుసా? ఊళ్లో 1932 నాటి వంతెన మీద రాతి విగ్రహాలు ఉన్నాయి, వాటిని రాకపోకల కాపరులు అంటారు. ఊరి వంతెన మీది రాయి పేరే జట్టు పేరైంది.

కాబట్టి హమాలీ పేరు పెడదాం, హమాలీ ముఖం గీయొద్దు. కండలు తిరిగిన మనిషి, తలపాగా, మీసం, ఆ దారి వద్దు. అతని చేతిలో ఉండే పనిముట్టు గీయండి.

మిర్చియార్డు_334
ఆదివారం, రాత్రి 8:44

కొక్కెం మాస్టారూ. ఇనుప కొక్కెం. అడ్డంగా చెక్క పిడి ఉంటుంది, వేళ్ల మధ్య నుంచి ఇనుప కమ్మీ బయటికి వచ్చి వంపు తిరుగుతుంది. బస్తాకి వేసి లాగుతారు. నాన్నది ఇప్పటికీ మా ఇంట్లో మేకుకి వేలాడుతోంది. పిడి చెక్క అరిగి, ఆయన వేళ్ల అచ్చులు పడి ఉంటాయి.

బెజవాడ_డీటీపీ
సోమవారం, తెల్లవారి 5:10

రాత్రి నిద్ర పట్టలేదు. ‘గుం’ అని రాసుకుని చూస్తూ కూర్చున్నా. గకారానికి కొమ్ము ఉంది కదా, ఆ కొమ్ము కిందకి దిగి కొస పైకి వంపు తిరుగుతుంది. అదే కొక్కెం! పక్కనే సున్న. ఆ సున్న బంతి! బేస్‌బాల్ మీద ఎర్రదారంతో 108 జతల కుట్లు ఉంటాయి. ఎదురుగా పెట్టుకుని చూస్తే రెండు వంపు గీతలు వీపు వీపు తిప్పుకుని కూర్చున్నట్టు కనిపిస్తాయి. సున్నలో ఆ రెండు వంపులు పెడితే చాలు, బంతి అయిపోతుంది.

ఒకే అక్షరంలో ఊరు, పని, ఆట మూడూ వచ్చాయి. అదనంగా ఏదీ తెచ్చి అతికించలేదు. ఉన్న అక్షరం లోపలే ఉన్నాయి. స్కెచ్ కింద పెట్టాను చూడండి.

పొనికి_బొమ్మ
సోమవారం, ఉదయం 7:15

చూశాను. ఒళ్లు జలదరించింది. దీన్ని ఇంక వదలొద్దు.

మిల్వాకీ వాళ్ల పాత లోగో గుర్తొచ్చింది. 1978 సీజన్‌లో పెట్టుకున్నారు. పోటీ పెడితే ఒక కాలేజీ విద్యార్థి పంపిన డిజైన్ అది. చూడగానే బంతి పట్టుకున్న గ్లవ్ కనిపిస్తుంది. కాసేపు చూస్తే ఆ గ్లవ్ వేళ్లు ‘ఎం’ అక్షరం, కింది భాగం ‘బి’ అక్షరం. మిల్వాకీ బ్రూవర్స్. మధ్యలో 1993 తర్వాత తీసేశారు, 2020లో మళ్లీ తెచ్చుకున్నారు. చిన్నప్పుడు చూసి పెద్దయ్యాక అందులో అక్షరాలు కనిపెట్టినవాళ్లు ఎంత సంబరపడతారో!

రంగు గురించి ఒక మాట. రెడ్స్, రెడ్ సాక్స్, కార్డినల్స్ అందరూ ఎరుపే. మనం అదే ఎరుపు వేస్తే గుంపులో కలిసిపోతాం. యార్డులో కాయ రంగు అచ్చంగా ఎలా ఉంటుందో చెప్పండి అన్నా.

మిర్చియార్డు_334
సోమవారం, ఉదయం 9:00

అందరూ మండే ఎరుపు అనుకుంటారు గానీ ఎండిన కాయ అలా ఉండదు. ముదురు ఎరుపు, లోపల కొంచెం గోధుమ ఛాయ. కాయ వంగిన చోట వెలుగు పడితే మెరుస్తుంది. తొడిమ మాత్రం ఎండిన గడ్డి రంగు. తాలు కాయ పాలిపోయి తెల్లగా ఉంటుంది. ముదురు ఎరుపు ఒకటి, గోనెసంచి రంగు ఒకటి తీసుకోండి. పచ్చరంగు వద్దు, పచ్చిమిర్చి మా యార్డులోకి రాదు.

బెజవాడ_డీటీపీ
సోమవారం, ఉదయం 9:25

గోనె రంగు జెర్సీ, ముదురు ఎరుపు టోపీ. ఖాయం.

కుట్టుమిషన్_వన్‌టౌన్
సోమవారం, మధ్యాహ్నం 3:10

నేను వన్‌టౌన్‌లో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేస్తాను. స్కెచ్ చాలా బాగుంది, కానీ ఇలాగే ఇస్తే టోపీ మీద కూర్చోదు సార్. సున్నలో కుట్ల కోసం మీరు సన్నగా చిన్న చిన్న గీతలు పెట్టారు. ఒక మిల్లీమీటరు కన్నా సన్నని గీతని దారం పట్టుకోలేదు, గుడ్డలో మునిగిపోతుంది. సందు సన్నగా ఉంటే ఇటు దారం అటు దారం కలిసి మూసుకుపోతుంది.

తెలుగు అక్షరాలతో ఈ కష్టం ఎక్కువ. పోయినేడాది ఒక టోర్నమెంట్ వాళ్ల కోసం నలభై టోపీలు కుట్టాను. వాళ్లు ఇచ్చిన ఫైల్లో ఒత్తులు బాగా చిన్నవి. టోపీ ముందు భాగం వంపుగా ఉంటుంది కదా, కుట్టాక ఒత్తులన్నీ చీమల గుంపులా అయ్యాయి. నలభై టోపీలూ విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది, మూడు రాత్రులు. అందుకే చెప్తున్నా. టోపీకి ఒత్తు లేని అక్షరం తీసుకోండి. ‘గుం’ ఆ రకంగా అదృష్టం. సున్నలో కుట్టుకి రెండు లావు వంపులు చాలు, చిన్న గీతలు తీసేయండి.

బెజవాడ_డీటీపీ
సోమవారం, సాయంత్రం 4:00

నూటికి నూరుపాళ్లు నిజం. తీసేశాను. ఇంకో తలనొప్పి కూడా ఇక్కడే చెప్పుకోవాలి, కొత్తగా చేసేవాళ్లకి పనికొస్తుంది. తెలుగు యూనికోడ్‌ని పాత ఫోటోషాప్ వెర్షన్లలో నేరుగా టైప్ చేస్తే ఒత్తులు విడిపోయి పక్కకి పడతాయి. సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకుంటే సరిగ్గా కూర్చుంటాయి. ఇంక్‌స్కేప్‌లో ఈ బాధ లేదు. అను ఫాంట్లతో చేస్తే కనబడటం బాగానే ఉంటుంది గానీ ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అంతా గజిబిజి. ఏదైనా సరే, చివరికి అక్షరాన్ని కర్వ్స్‌లోకి, అంటే ఫాంట్ అక్కర్లేని గీతల్లోకి మార్చి పంపండి. రామభద్ర, సురవరం లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, మొదటి స్కెచ్‌కి బాగా పనికొస్తాయి. లోగోకి మాత్రం అక్షరం చేత్తో గీయాల్సిందే.

జంక్షన్_పదో_ప్లాట్‌ఫారం
సోమవారం, రాత్రి 9:15

గుంటూరు సంగతి తేలింది, మరి మా బెజవాడ? మాస్టారు క్లీవ్‌లాండ్ వంతెన గురించి చెప్పినప్పటి నుంచీ అందరూ ప్రకాశం బ్యారేజీ అంటారని ఎదురుచూస్తున్నా. బ్యారేజీ గొప్పదే, 1957 నాటిది, 70 గేట్లు. కానీ అది ఇప్పటికే బెజవాడ మీద వచ్చే ప్రతి పోస్టర్‌లో ఉంది. పొనికి అక్క చెప్పినట్టు, మొదట తట్టేదే అది.

మా ఇంట్లో మూడు తరాలు రైల్వే. జపాన్‌లో స్వాలోస్ అనే బేస్‌బాల్ జట్టు ఉంది. ఇప్పుడు యాకుల్ట్ కంపెనీది, కానీ 1950లో మొదలుపెట్టింది అక్కడి జాతీయ రైల్వే. వాళ్ల పేరున్న ఎక్స్‌ప్రెస్ రైలు త్సుబామె, అంటే స్వాలో పిట్ట. రైలు పేరే జట్టుకి వచ్చింది. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ జట్టు యార్డ్ గోట్స్. మేక బొమ్మే గానీ, ఆ మాట యార్డులో షంటింగ్ చేసే చిన్న ఇంజన్‌కి ముద్దుపేరు.

మనకి రత్నాచల్ ఉంది, పినాకిని ఉంది, శాతవాహన ఉంది. మూడూ బెజవాడ నుంచే బయల్దేరతాయి. కానీ నా ఓటు ‘బెజవాడ జంక్షన్’ అనే పేరుకి. అది కొత్తగా పెట్టే పేరు కాదు, వందేళ్లుగా జనం నోట్లో ఉన్నదే.

మూడో_బేస్
సోమవారం, రాత్రి 9:40

అన్నా, బేస్‌బాల్‌లో మూడో బేస్ పక్కన కోచ్ నిలబడతాడు. రన్నర్ పరిగెత్తుకుంటూ వస్తుంటే చెయ్యి గిర్రున తిప్పితే ఆగకుండా హోమ్‌కి, అంటే పరుగు పూర్తయ్యే చోటికి వెళ్లు అని, రెండు చేతులూ ఎత్తితే ఆగిపో అని. నేను ఆడే రోజుల్లో ఆ చేతులకేసే చూసేదాన్ని. అది సిగ్నలే కదా! రన్నర్ బేస్ దాటి బేస్‌కి రావడం, స్టేషన్ దాటి స్టేషన్‌కి రావడం రెండూ ఒకటే.

జంక్షన్_పదో_ప్లాట్‌ఫారం
సోమవారం, రాత్రి 9:52

అది చదివాక ఇంకోటి వెలిగింది. ఒక లైను ఇంకో లైనుని అడ్డంగా దాటే చోటుని రైల్వేలో డైమండ్ క్రాసింగ్ అంటారు. నాలుగు పట్టాలు కలిసి మధ్యలో డైమండ్ ఆకారం ఏర్పడుతుంది. బేస్‌బాల్ మైదానం మధ్య భాగం పేరు కూడా డైమండే! నాలుగు మూలలా నాలుగు బేస్‌లు.

పొనికి_బొమ్మ
సోమవారం, రాత్రి 10:05

రెండు పట్టాల జతలు ఏటవాలుగా దాటుతూ, మధ్య డైమండ్‌లో ‘బె’. ఇంతకన్నా ఏమీ వద్దు. రంగు సిగ్నల్ పచ్చ, నలుపు.

డెట్రాయిట్_తెనాలి
సోమవారం, రాత్రి 10:30

నాకు మాత్రం బ్యారేజీ వదలబుద్ధి కావడం లేదు. తెనాలి నుంచి బస్సులో బెజవాడ వస్తుంటే, బ్యారేజీ ఎక్కగానే ఎదురుగా ఇంద్రకీలాద్రి, కింద గేట్లలోంచి నీళ్లు. నా చిన్నతనంలో బెజవాడ అంటే అదే. ఆ గేట్లని జెర్సీ చేతి అంచు మీద నిలువు గీతలుగా అయినా పెట్టండి అన్నా. డెబ్బై పట్టకపోయినా పర్లేదు.

బెజవాడ_డీటీపీ
సోమవారం, రాత్రి 10:41

పెడతాను తమ్ముడూ. లోగో జంక్షన్, చేతి అంచు బ్యారేజీ. అమ్మవారి కొండని మాత్రం ముట్టుకోను. చెమట తుడుచుకునే టోపీ మీద, నేల మీద పడేసే గ్లవ్ మీద దేవుళ్లు వద్దు. మంగళగిరికి కూడా ఇదే మాట, పానకాల స్వామి జోలికి పోకుండా మగ్గాలు తీసుకుందాం. మంగళగిరి మగ్గాలు. చీర అంచునే జెర్సీ మెడ చుట్టూ తిప్పితే సరిపోతుంది.

బ్రాడీపేట_మాస్టారు
మంగళవారం, ఉదయం 6:30

తెనాలికి నేనొక పేరు ఇస్తాను. వికటకవి. వెనక నుంచి చదివినా అదే: వి, క, ట, క, వి. జెర్సీ మీద అయిదు అక్షరాలు, బొత్తాల వరస సరిగ్గా ‘ట’ మీదుగా వెళ్లాలి. బహువచనం చేసి ‘వికటకవులు’ అంటే ఆ అందం పోతుంది, ఏకవచనంగానే ఉంచండి.

డెట్రాయిట్_తెనాలి
మంగళవారం, ఉదయం 6:48

మాస్టారూ, మీ పాదాలకి నమస్కారం. ఇది నా ఊరి పేరు పక్కన చూసుకుంటుంటే చాలా సంతోషంగా ఉంది.

పొనికి_బొమ్మ
మంగళవారం, ఉదయం 8:20

కొండపల్లి నాకు వదిలేయండి, అమ్మమ్మగారి ఊరు. కొండపల్లి అంబారీలు. అంబారీ ఏనుగు బొమ్మ లేని బొమ్మలకొలువు మన వైపు అరుదు. బేస్‌బాల్‌లో ఏనుగుకి పాత చరిత్ర ఉంది. 1902లో జాన్ మెగ్రా అనే మేనేజర్ ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌ని తెల్ల ఏనుగు అని ఎద్దేవా చేశాడు, అంటే డబ్బు తినే దండగమారి వ్యవహారం అని. ఆ జట్టు మేనేజర్ కోనీ మాక్ అనే ఆయన ఆ మాటనే గుర్తుగా పెట్టుకున్నాడు. ఏనుగు ఇప్పటికీ ఆ జట్టుతోనే ఉంది.

మన ఏనుగుని మాత్రం నిజం ఏనుగులా గీయను. తెల్ల పొనికి చెక్క ఏనుగు ఎలా ఉంటుందో అలాగే, గుండ్రటి పొట్ట, పొట్టి కాళ్లు, గట్టి రంగులు. బొమ్మని చూసి బొమ్మ గీయాలి.

బందరుకి లడ్డు అంటారా? అలబామాలో మాంట్‌గోమరీ బిస్కట్స్ అనే జట్టు 2004 నుంచీ ఉంది, తినే వస్తువే గుర్తు.

కుట్టుమిషన్_వన్‌టౌన్
మంగళవారం, ఉదయం 11:00

బందరు లడ్డూలు అంటే పిల్లలు ఎగబడతారు. గుండ్రంగా ఉంది, కుట్టడం కూడా తేలిక. ఒక జీడిపప్పు పెట్టండి చాలు.

బ్రాడీపేట_మాస్టారు
మంగళవారం, సాయంత్రం 7:10

ఆరు జట్లూ వచ్చాయి, మరి లీగ్‌కి గుర్తు? నిన్నటి నుంచీ ‘గుం’లోని సున్న నా మనసులో తిరుగుతోంది. దాన్ని నిండుసున్న అంటాం. దానికి తోడు ఒకటి ఉండేది, అరసున్న. వాఁడు, వీఁడు, తోఁట అని పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. ఇప్పటి రాతలో పోయింది. సగం వలయం, కుడివైపు నోరు తెరుచుకుని ఉంటుంది.

ఒక కాగితం మీద అరసున్న పెద్దగా రాసి, దాని నోట్లో నిండుసున్న పెట్టి చూడండి.

బెజవాడ_డీటీపీ
మంగళవారం, సాయంత్రం 7:16

గ్లవ్‌లో బంతి!

పొనికి_బొమ్మ
మంగళవారం, సాయంత్రం 7:25

మాస్టారూ, రెండంటే రెండు గీతలు. గోరంత చిన్నగా చేసినా నిలుస్తుంది, ఒకే రంగులో వేసినా నిలుస్తుంది, సుద్దముక్కతో గోడ మీద మూడేళ్ల పిల్ల కూడా గీస్తుంది. అరసున్న కొంచెం లావుగా, పై కొస దగ్గర బొటనవేలులా చిన్న ఉబ్బు ఇస్తే గ్లవ్ అని ఇంకా తెలుస్తుంది.

బ్రాడీపేట_మాస్టారు
మంగళవారం, సాయంత్రం 7:40

ఉబ్బు వద్దమ్మా. ఉబ్బు వస్తే గ్లవ్ అవుతుంది గానీ అరసున్న అవదు. తెలిసినవాళ్లకి తెలుస్తుంది, తెలియని పిల్లలు అదేమిటని అడుగుతారు. అడిగితే చెప్పొచ్చు. ముప్పై నాలుగేళ్లు తెలుగు పాఠాలు చెప్పాను, అరసున్న గురించి ఒక్క పిల్లాడూ తనంతట తాను అడగలేదు.

పొనికి_బొమ్మ
మంగళవారం, సాయంత్రం 7:44

ఉబ్బు తీసేశాను మాస్టారూ.

కుట్టుమిషన్_వన్‌టౌన్
గురువారం, మధ్యాహ్నం 2:30

గుంటూరు టోపీ ఒకటి నమూనాగా కుట్టాను. ముదురు ఎరుపు గుడ్డ మీద గోనె రంగు దారం. అక్షరం ఎత్తు అయిదు సెంటీమీటర్లు. కొమ్ము కొసకి వచ్చేసరికి దారం దిశ మార్చాను, ఇనుము మీద వెలుగు పడినట్టు మెరుస్తోంది. ఫోటో పెట్టాను. టోపీని మిర్చియార్డు అన్నకి బస్సు పార్శిల్‌లో పంపించాను, డబ్బులేమీ వద్దు.

మిర్చియార్డు_334
శుక్రవారం, రాత్రి 9:05

టోపీ అందింది. నాన్నకి ఇచ్చాను. కళ్లజోడు తెచ్చుకుని వాకిట్లో లైటు కింద చాలాసేపు చూశారు. ‘గుం’ అని చదివారు. సున్నలో కుట్లు చూసి ఇదేం బంతి అని అడిగారు, చెప్పాను. తర్వాత కొమ్ము మీద వేలు పెట్టి, “కొక్కెమా?” అన్నారు. నేనేం చెప్పకుండానే.

లోపలికి వెళ్లి మేకుకి ఉన్న కొక్కెం తెచ్చి టోపీ పక్కన పెట్టారు. “మొన ఇంత విప్పారితే బస్తా జారిపోద్దిరా. ఇంకొంచెం లోపలికి వాలాలి, ఇలా” అని చూపించారు. రెండూ పక్కపక్కన పెట్టి ఫోటో తీశాను, కింద ఉంది.

బెజవాడ_డీటీపీ
శుక్రవారం, రాత్రి 9:50

చూశానన్నా. పెద్దాయన చెప్పింది నిజం, నాది చేపల గాలంలా విచ్చుకుపోయింది. ఆ కొక్కెం ఫోటోని కింద పెట్టుకుని దాని మీదే వంపు మళ్లీ గీశాను. మొన లోపలికి వాలింది, సున్నకి ఇంకాస్త దగ్గరగా వచ్చింది. కొత్త ఫైల్ పెట్టాను. పడుకునే లోపు ఒకసారి ఆయనకి చూపించి, సరిపోయిందో లేదో చెప్పండి. ఆయన సరే అన్నాకే మిగతా టోపీలు కుట్టిద్దాం.